సెంటర్ నుంచి ఇంటికొచ్చాక

కార్తీకం రాగానే మన ఊళ్లలో ఒక మార్పు కనిపిస్తుంది. ఏడాది పొడవునా చీకటి పడేసరికి వైన్స్ ముందు తేలే మనిషి నల్లబట్టలు కట్టి, మాల వేసుకుని, తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకుని, 41 రోజులు చుక్క ముట్టకుండా ఉంటాడు. ఇంట్లోవాళ్ల ప్రాణం కుదుటపడుతుంది. కొండకు వెళ్లొచ్చి మాల తీసిన వారానికే మళ్లీ అదే వైన్స్, అదే జట్టు. "దేవుడి భయం ఉన్నన్నాళ్లు ఆగాడు" అని చూసినవాళ్లు తీర్పు చెప్పేస్తారు.

భక్తి బలాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ 41 రోజుల్లో ఆయనకు ఇంకా ఏమేం అమరాయో చూడండి. లేవడానికి ఒక వేళ ఏర్పడింది. సాయంత్రం పోవడానికి పీఠం ఉంది. అక్కడ తనలాగే నియమంలో ఉన్న పదిమంది స్వాములు, మనసు తడబడితే అడగడానికి గురుస్వామి, పంక్తిలో కూర్చుని తినే భిక్ష. నిన్నటిదాకా చాటున "తాగుబోతు" అన్న వీధే ఇప్పుడు ఎదురొచ్చి "స్వామీ" అంటోంది. ఆయన నియమానికి తగ్గట్టు ఇల్లు కూడా మారింది. వంట మారింది, వేళలు మారాయి, ఇంట్లోవాళ్ల మాట తీరు మారింది. మాల తీసిన రోజున వీటిలో దాదాపు ఏదీ మిగలదు. చుట్టూ ఉన్న ఆ ఏర్పాటంతా ఒక్కపూటలో పోవడమే ఆయన్ని మళ్లీ వైన్స్ దాకా నడిపిస్తుందని నా నమ్మకం.

డీ-అడిక్షన్ సెంటర్లో నెలో రెండు నెలలో ఉండి వచ్చే మనిషి స్థితీ ఇదే. ఎర్రగడ్డ నుంచో, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల నుంచో మాత్రల కవరుతో దిగే మనిషి స్థితీ ఇదే. అక్కడ వేళకు మాత్ర, వేళకు అన్నం, పక్క మంచంలో తన బాధ తెలిసిన మరో మనిషి ఉంటారు. ఇంటికొచ్చాక? అందుకే ఈ అధ్యాయం ఆయన చుట్టూ ఉండేవాళ్ల కోసం రాస్తున్నాను: భార్య, అమ్మ, బావమరిది, పక్కింటివాళ్లు, ఇంటి ఓనరు. ఉండటానికి కుదురైన చోటు, సాయంత్రానికి తోడు చూపించకుండా ఎవరినీ "నువ్వు మారు" అనకూడదన్నదే నేను చెప్పదలచుకున్న మాట.

మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స దాకా వెళ్తున్నారని, ఆస్పత్రిలో చేరేది 180 మందిలో ఒక్కరేనని కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో తేల్చింది. మీ ఇంటి మనిషి చేరి, వైద్యం చేయించుకుని వచ్చాడంటే చాలామంది రాలేని దూరం వచ్చాడు. ఇక ఆయన్ని ఒంటరిగా వదలకూడదు.

మానడం ఇంకా మొదలుకానివాళ్లకు

ముందుగా ఒంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణం పోతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపితే కొద్ది గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు, పురుగులు కనిపిస్తాయి, ఎక్కడున్నదీ తెలియదు, ఒళ్లు కాలిపోతుంది. అలాంటప్పుడు తాళ్లతో కట్టేసి దిష్టి తీస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. మాల వేసుకుని ఆపేవాళ్లకూ, లాక్‌డౌన్ వల్ల ఆపేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2020 మార్చిలో వైన్స్ మూతపడగానే ఎర్రగడ్డకు జనం బారులు తీరారు. అంతకుముందు 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్లుకు ఒళ్లు అలవాటుపడ్డవాళ్లు, ఆడవాళ్లతో సహా, వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు.

దుకాణం మూయించడం ఒక పని, ఒంటికి వైద్యం అందించడం ఇంకో పని. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద లేచి నిలబడితే మరుసటి ఏడాది అక్టోబరుకల్లా రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఒక ఊరి ఆడవాళ్ల మాట రాజధాని దాకా వెళ్లిన గొప్ప ఘట్టం అది. దుకాణం మూయించడం వాళ్ల చేతనైంది, చేశారు. తాగేవాడి ఒంటికి వైద్యం అందించే పని ప్రభుత్వాలది. అది ఇప్పటికీ సగంలోనే ఉంది.

ఇంకొక్క హెచ్చరిక. డైసల్ఫిరాం అనే మాత్ర వేసుకుని తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. డాక్టరు పరీక్షించి, మనిషి ఒప్పుకుని వేసుకుంటే కొందరికి అది మంచి కాపలా. "తెలియకుండా మాన్పించండి" అనే ప్రకటనలు చూసి ఏ మందో మజ్జిగలోనో పప్పులోనో కలిపితే అది ప్రమాదం. ఏదో ఒకరోజు ఆ సంగతి ఆయనకు తెలుస్తుంది కూడా. ఆ తర్వాత మీరు వడ్డించిన అన్నం ఆయన నమ్మి తినడు.

"మారాక రా"

విసిగిపోయిన ఇంట్లో వినిపించే మాట ఇది: "పూర్తిగా మానేశాకే ఈ గడప తొక్కు." ఆ కోపం వెనక ఎన్ని రాత్రులున్నాయో నాకు తెలుసు. కానీ బస్టాండు బెంచీ మీదో, ఫ్లైఓవరు కిందో పడుకునేవాడు మానేయడం ఎలా? మాత్ర ఎక్కడ దాచుకుంటాడు? పొద్దున్నే స్నానం లేకుండా ఏ పనికి పోతాడు? పక్కన పడుకున్నవాడి చేతిలో సీసా ఉంటే అర్ధరాత్రి ఎవరిని పిలుస్తాడు?

న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త 1992లో ఈ వరసను తిరగేశాడు. వీధిలో బతికే మానసిక రోగులకు ముందు మందు మాను, ముందు మాత్ర వేసుకో అనే షరతులు పెట్టకుండా మొదట ఇల్లు ఇచ్చి, ఆ తర్వాత వైద్యం వాళ్ల గుమ్మంలోకి తీసుకెళ్లాడు. ఐదేళ్ల లెక్క తీస్తే వాళ్లలో 88 శాతం ఇల్లు నిలబెట్టుకున్నారు. షరతులు పెట్టే పాత పద్ధతిలో నిలబెట్టుకున్నది 47 శాతమే. 2009 నుంచి 2013 దాకా కెనడాలో ఐదు నగరాల్లో దాదాపు రెండు వేలమందితో ఇదే పద్ధతిని పరీక్షించారు. అక్కడా ఇల్లు నిలిచింది. అయితే వ్యసనం తగ్గడంలో మాత్రం రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనిపించలేదు. ఈ రెండో సంగతిని దాచి మొదటిది మాత్రమే చెప్పడం న్యాయం కాదు. కప్పు కింద మనిషి బతికుంటాడు, వైద్యానికి దొరుకుతాడు. మానడానికి కప్పుతో పాటు తోడు, చికిత్స కూడా కావాలి.

మన పక్కనే చెన్నైలో 1993లో మొదలైన ద బ్యానియన్ అనే సంస్థ ఏళ్లకేళ్లు ఆస్పత్రుల్లో ఉండిపోయిన మానసిక రోగుల కోసం 2015లో 'హోమ్ అగైన్' ప్రారంభించింది. నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో మామూలు అద్దె ఇంట్లో ఉంటారు. అవసరమైనంత సాయం చేయడానికి ఒక మనిషి ఉంటుంది. వండుకుంటారు, బజారుకు వెళ్తారు, పండగ చేసుకుంటారు, పోట్లాడుకుంటారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచమంతటి నుంచి ఎంచి చూపిన మంచి నమూనాల్లో ఇదొకటి. దీనికి పెద్ద భవనాలు అక్కర్లేదు. అద్దెకిచ్చే ఓనరు, ముఖం తిప్పుకోని పొరుగు ఉంటే చాలావరకు సరిపోతుంది.

ఇక్కడ ఒక గీత గీయాలి. కొట్టే మనిషిని భరించమని నేను చెప్పడం లేదు. భార్యకూ పిల్లలకూ దెబ్బల భయం ఉన్న ఇంట్లో మొదటి హక్కు వాళ్లది. 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయడం కాపురం చెడగొట్టుకోవడం కాదు. అలాంటప్పుడు ఆయనకు కప్పు వేరేచోట చూడాలి: అన్నగారింట్లో ముందుగది, ఊళ్లో అమ్మానాన్నల ఇల్లు, సెంటర్ వాళ్ల హాఫ్‌వే హోమ్, అదీ కుదరకపోతే మున్సిపాలిటీ నిరాశ్రయుల వసతి గృహం. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు వందమందికి సరిపడే వసతి ఉండాలని నిబంధన ఉంది. మీ పట్టణంలో అది ఎక్కడుందో వార్డు కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. లేదంటే ఎందుకు లేదో అడగండి.

అద్దె సంగతి

దీన్ని అందరూ ఆఖర్న ఆలోచిస్తారు. మొదట ఆలోచించాల్సింది ఇదే.

ఆటో నడిపే మనిషినో, సెంట్రింగ్ పనికి వెళ్లే మనిషినో తీసుకోండి. సెంటర్లో ఉన్న రెండు నెలలు సంపాదన లేదు. సెంటర్ ఫీజుకే అప్పు చేశారు. అద్దె బాకీ పడింది. ఓనరు అడ్వాన్సులో కోసుకుని ఖాళీ చేయమన్నాడు. ఆయన బాగుపడి వచ్చేసరికి భార్యాపిల్లలు పుట్టింట్లో, సామాను ఎవరింటి వరండాలోనో. అంత కష్టపడి మానిన మనిషి మొదటి రాత్రే అవమానంతో పడుకుంటాడు. చూడ్డానికి వెళ్లే చుట్టాలంతా ఆపిళ్లు, బత్తాయిలు కొనే డబ్బు ఒకచోట పోగేసి ఆ నెల అద్దె కట్టి ఉంటే ఎంత మేలు జరిగేది! డ్వాక్రా సంఘంలో పొదుపు ఉన్న ఇంటావిడ అప్పు అడగాల్సిన సందర్భం కూడా ఇదే. ఫీజులు మింగే సెంటర్ల కంటే ముందు జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగాన్ని అడగండి. కేంద్రం సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే ఉచిత పునరావాస కేంద్రాలూ ఉన్నాయి. 14446కి ఫోన్ చేస్తే దగ్గరలో ఏది ఉందో చెబుతారు.

ఓనరుకు జబ్బు వివరాలన్నీ విప్పి చెప్పక్కర్లేదు. పూచీపడే మనిషి ఒకరు ముందుకు రావాలి. "మా అన్నయ్యకు ఒంట్లో బాగాలేక ఆస్పత్రిలో ఉన్నాడండి. ఈ మూడు నెలలూ అద్దె ఐదో తారీకుకల్లా నేను పంపిస్తాను. ఏమైనా ఉంటే వదినకు కాకుండా నాకు ఫోన్ చేయండి." ఇంతే. ఓనరుకు కావలసింది ఆ ఫోన్ నంబరు. తిరిగి పనిలో పడ్డాక, ఆయన్ని కూర్చోబెట్టి అడిగి, ఆయన ఒప్పుకుంటేనే, కూలి చేతికందిన రోజే అద్దె వాటా పక్కకు వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. మొదటి కొన్ని నెలలు జేబులో ఎక్కువ డబ్బు లేకపోవడం ఆయనకే ఊరట. జేబులు తడమడం మాత్రం వద్దు.

ఈ పుస్తకం చదివేవాళ్లలో ఓనర్లూ ఉంటారు. టులెట్ బోర్డు పెట్టి "ఫ్యామిలీస్ ఓన్లీ" అని రాసే మీకు నా విన్నపం. సెంటర్ నుంచి వచ్చిన కుటుంబమని తెలిసి కూడా, అద్దె సరిగ్గా వస్తున్నప్పుడు, వాళ్లను ఉండనివ్వండి.

సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది

పగలు ఎలాగో గడుస్తుంది. పని దిగి, చేతిలో కూలి పడి, ఇంటికీ అడ్డాకీ మధ్య ఉన్న బెల్టు షాపు ముందు నుంచి నడిచే ఆ నాలుగు గంటలే గండం. "మామా, ఈ ఒక్కరోజే" అనే గొంతు అప్పుడే వినిపిస్తుంది. ఆ వేళకు ఆయన పక్కన ఎవరుండాలో మనుషుల పేర్లతో, వారాలతో కాగితం మీద రాసుకోండి. సోమవారం బావమరిది పని దగ్గరికే బండి మీద వస్తాడు. మంగళవారం పక్కింటి మాస్టారితో గుడి దాకా నడక. ఇలా ముగ్గురు నలుగురు దొరికితే చాలు. ఒక్క భార్య మీదే ఈ కాపలా పెడితే ఆమె మూడు నెలల్లో మంచం పడుతుంది. దారి మార్చగలిగితే మార్చండి, ఐదు నిమిషాలు చుట్టైనా సరే.

తనలాంటివాళ్లు కూర్చునే చోటు ఒకటి ఉంటే ఇంకా మేలు. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో తాగుడుతో చితికిన ఒక షేర్ల వ్యాపారీ ఒక సర్జనూ ఒకరికొకరు గోడు చెప్పుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. ఏఏ అంటారు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు. మన నగరాల్లో తెలుగులోనే మీటింగులు జరుగుతాయి. ఇంట్లోవాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ వేరే ఉంది. భర్త రాకపోయినా భార్య ఒక్కతే దానికి వెళ్లవచ్చు, వెళ్లాలి కూడా.

"మేం డాక్టర్లం కాము, మాకేం తెలుసు" అనకండి. గోవాలో సంగత్ సంస్థ, డిగ్రీలు లేని మామూలు స్థానికులకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టింది. హాని కలిగేంతగా తాగుతూ, ఇంకా పూర్తిగా బానిసలు కాని మగవాళ్లతో వాళ్లు నాలుగు విడతలకు మించకుండా మాట్లాడారు. మూడు నెలలకు అలా మాట్లాడించుకున్నవాళ్లలో 36 శాతం ఆ ప్రమాదం నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్లలో 26 శాతం. మన ఊళ్లలో ఆశా కార్యకర్తలు ఉన్నారు, డ్వాక్రా అక్కలు ఉన్నారు. అలాంటి శిక్షణ వాళ్లకు అందితే ఇక్కడ ఎందుకు జరగదు?

పెళ్లిళ్లు, బోనాలు, సంక్రాంతి, దినాల రోజు దావత్ వస్తాయి. మొదటి ఏడాది కొన్నింటికి వెళ్లకపోయినా కొంప మునగదు. తప్పనిసరి అయితే తోడుతో వెళ్లి, భోజనం కాగానే వచ్చేయాలి. చెప్పడానికి ఒక్క మాట ముందే నోటికి తెచ్చుకోవాలి: "మాత్రలు వాడుతున్నా రా, పడదు." వాదనకు దిగితే ఓడిపోతాడు. పిలిచేవాళ్లు కూడా ఒక పని చేయవచ్చు. ఆయన ముందు గ్లాసు పెట్టి "ఏం బావా, నిజంగానే మానేశావా" అని పరీక్షించకుండా ఉండవచ్చు.

తాగొచ్చిన రాత్రి

వస్తుంది. అందరికీ కాదు, చాలామందికి. ఆ రాత్రి కోసం ముందే, బాగున్న రోజున, అందరూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. ఎక్కడ పడుకుంటాడు? పిల్లలున్న గదిలో కాదు; వరండాలోనో తమ్ముడింట్లోనో. ఎవరికి ఫోన్ చేయాలి? ఏ డాక్టరు దగ్గరికి, ఎన్ని రోజుల్లోపు? మత్తులో ఉన్నప్పుడు లెక్కలు అడగకండి, శాపనార్థాలు పెట్టకండి, ఏడ్చి ఒట్లు వేయించుకోకండి. వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డం పడకుండా. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా 108. మర్నాడు తిండి తిన్నాక మాట్లాడండి. "నాలుగు నెలలు ఆగావు. నిన్న ఏం జరిగింది? ఎవరు కలిశారు?" అని అడిగితే వచ్చే జవాబు తర్వాతి నెలకు పనికొస్తుంది. ఆ నాలుగు నెలలూ వృథా పోలేదు.

మందు ఆగాక లోపలున్న దిగులు పైకి తేలడం చాలా ఇళ్లలో చూస్తాం. నిద్ర పట్టదు, తిండి సయించదు, "నేనుండి ఏం లాభం" అంటాడు. ఆ మాటను బెదిరింపుగా కొట్టిపారేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు, బరువు దిగుతుంది. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి తాళం వేసిన చోట పెట్టండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి-మానస్ నంబరు 14416. ఏ వేళైనా, తెలుగులో, ఉచితం. ఇప్పుడే ఫోన్లో దాచుకోండి.

చట్టం మీ వెనక ఉంది

2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుగానే లెక్కిస్తుంది. దాని 19వ సెక్షన్ ప్రకారం ఆ మనిషికి సమాజంలో కలిసి బతికే హక్కు ఉంది. ఇంట్లోవాళ్లు వదిలేస్తే, సొంత కుటుంబపు ఇంట్లో ఉండే హక్కు కోసం ప్రభుత్వం న్యాయసాయంతో సహా అండగా నిలబడాలి. పేదలకు, కార్డు ఉన్నా లేకున్నా, దిక్కులేనివాళ్లకు ప్రభుత్వ వైద్యం ఉచితం. గొలుసులతో కట్టడం నేరం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు మంటల్లో చిక్కి 28 మంది చనిపోయారు. అందుకే ఏ సెంటర్లో చేర్చే ముందైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు అయిందా అని అడగండి. చూడ్డానికి రానివ్వని, ఫోన్ మాట్లాడనివ్వని చోట మీ మనిషిని ఉంచకండి.

రోడ్డు మీద మతి స్థిమితం లేకుండా తిరిగే మనిషి కనిపిస్తే పోలీసులకు చెప్పండి. అలాంటివారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యశాలకు చేర్చడం 100వ సెక్షన్ ప్రకారం వాళ్ల బాధ్యత. లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు.

దీర్ఘకాల మానసిక జబ్బుతో 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యం ఉందని తేలితే వైకల్య ధ్రువపత్రానికి, దానితో పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. వ్యసనం ఒక్కదానికే అది రాదు.

మీ వీధిలో అలా ఇంటికొచ్చిన మనిషి ఉంటే ఈ వారమే వెళ్లండి. సలహాలు తీసుకెళ్లకండి. వారంలో ఏ సాయంత్రం మీరు రాగలరో ఆ ఇంటావిడకు చెప్పి, ఆ సాయంత్రం తప్పకుండా వెళ్లండి. తర్వాతి వారం కూడా వెళ్లండి.